నేలమాళిగలో మొలిచిన గోధుమ

కాషాన్
బహ్మన్ 24, 1348 (1970 ఫిబ్రవరి)

ఇరాజ్,

నీ జలుబు తగ్గిందని మీ ఆవిడ పర్వీన్ రాసింది కాబట్టి ఆ సంగతి అడగను. ఇక్కడ రెండు రోజులు మంచు పడి కరిగింది. మిద్దె మీద మంచు తోయమని మనిషిని పిలిస్తే సగం తోసి సగం వదిలేసి పోయాడు. ఆ సగం సరిగ్గా నా పడకగది మీదే ఉంది. మా అబ్బాయి జవాద్ సైన్యానికి వెళ్లి ఏడు నెలలైంది. వాడి ఉత్తరం నాకు నెలకొకటి వస్తుంది, వాడి పెళ్లానికి వారానికొకటి. నాది అరపేజీ. ఆమెది ఎంతో తెలియదు, చదవగానే మడిచి గుండెల దగ్గర దోపుకుంటుంది.

అసలు సంగతికి వస్తాను. పోయిన గురువారం కోడలు అఖ్తర్ కూకూ చేసింది. బంగాళాదుంప తురిమి, నాలుగు గుడ్లు కొట్టి, ఎర్రగానే వేయించింది. మొదటి ముక్కలోనే చేదు తగిలింది. వండినవాళ్ల ముందు ఉమ్మలేక మింగాను. ఒంటిగంట దాటేసరికి కడుపులో మెలిపెట్టడం మొదలైంది. మూడుసార్లు వాంతి చేసుకున్నాను. అఖ్తర్ ఆ పూట కూకూ ముట్టలేదు. పన్ను నొప్పిగా ఉందని రొట్టె పాలలో నానబెట్టుకుని తింది. ఆ పన్ను శుక్రవారానికల్లా బాగైపోయింది, చూశావా.

వంటింట్లో మిగిలిన దుంపలు తీసి చూశాను. తొక్క కింద ఆకుపచ్చగా ఉన్నాయి. యాభై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఇన్నేళ్లలో లెక్కలేనన్ని దుంపలు ఒలిచాను. మొలకెత్తినవి చూశాను, కుళ్లినవి చూశాను, కానీ కీరదోస రంగు దుంప ఎప్పుడూ చూడలేదు. నువ్వు మొక్కల పాఠాలు చెప్పి జీతం తీసుకుంటున్నావు కదా, చెప్పు. దుంప దానంతటది ఇలా అవుతుందా, లేక ఎవరైనా ఏదైనా పెట్టాలా? ఒకటి గుడ్డలో చుట్టి పార్శిల్ వేశాను. మీ బడిలోని ఆ భూతద్దం యంత్రం కింద పెట్టి చూడు.

ఆ పిల్లతో నేను ఏమీ అనలేదు. చూస్తున్నానంతే. పర్వీన్‌కి చెప్పకు, ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

నీ అక్క
తూబా

*

షీరాజ్
బహ్మన్ 29

తూబా అక్కయ్యా,

నీ పార్శిల్ చూసి మా పోస్ట్‌మాన్ బాంబేమో అనుకున్నాడు. గుడ్డ విప్పితే దుంప. నవ్వు ఆపుకోలేక దాన్ని తరగతికే పట్టుకెళ్లాను. నీ దుంప పుణ్యమా అని మా పిల్లలు మొదటిసారి పాఠం మధ్యలో నిద్రపోలేదు.

చెబుతాను విను. మొక్క ఏదైనా సరే, దాని ఒళ్లంతా కంటికి ఆనని చిన్న చిన్న గదులు. ఆ గదుల్లో ఇంకా చిన్న రేణువులుంటాయి, వాటిని ప్లాస్టిడ్లు అంటారు. అన్నీ ఒక్క తల్లి పిల్లలే. పెరిగిన చోటును బట్టి ఒక్కొక్కటి ఒక్కో పని నేర్చుకుంటుంది. ఎండలో ఉన్న ఆకులో అవి ఆకుపచ్చగా మారి ఎండతోనే అన్నం వండుతాయి. అవి హరితరేణువులు. టమాటాలో, క్యారెట్‌లో ఎరుపు, నారింజ రంగు నింపుకుని కూర్చుంటాయి. మట్టి కింద, చీకట్లో, దుంపలో ఉన్నవాటికి రంగే ఉండదు. అవి గాదెల్లాంటివి, పిండి దాచుకోవడమే వాటి పని. నీ దుంపను పలచగా కోసి అద్దం కింద పెట్టి, ఒక చుక్క అయోడిన్ వేస్తే ఆ పిండి గింజలు నీలంగా కనబడ్డాయి. తొక్క దగ్గర మాత్రం ఆకుపచ్చ చుక్కలు ఉన్నాయి. ఎవరో దుంపల్ని వెలుతురులో పెట్టి ఉంటారు. గాదెగా ఉన్న రేణువే వెలుతురు తగిలేసరికి ఆకు పని మొదలుపెట్టింది. అంతకుమించి ఏమీ లేదు.

అయితే ఒకటి. అలా రంగు మారిన దుంపలో చేదు విషం ఒకటి తయారవుతుంది. నీకు వాంతులైంది అందుకే. మిగిలినవన్నీ పారేయి, ఒక్కటి కూడా ఉంచకు.

పర్వీన్ నీ కడుపు ఎలా ఉందని అడుగుతోంది. నేను చెప్పలేదు, పార్శిల్ విప్పింది ఆమే.

నీ తమ్ముడు
ఇరాజ్

*

కాషాన్
ఇస్ఫంద్ 4

ఇరాజ్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గాదెలు, అన్నం వండే రేణువులు, అవన్నీ మీ పిల్లలకు చెప్పుకో. నాకు కావలసింది రెండే మాటలు, ఆ రెండూ నువ్వు నీ చేత్తో రాశావు. ఒకటి, విషం. రెండోది, ఎవరో వెలుతురులో పెట్టారని.

ఆ ఎవరో ఎవరని అడిగాను. వంటింట్లో నిలబెట్టి, "దుంపల్ని ఎండలో పెట్టింది ఎవరు?" అన్నాను. తడుముకోలేదు కూడా. "నేనే అత్తయ్యా. నేలమాళిగలో చెమ్మ పడుతున్నాయని మిద్దె మెట్ల మీద ఆరబోశాను" అంది. నతంజ్‌లో వాళ్ల ఇంట్లో బేరిపళ్లు అలాగే ఎండబెడతారట. బేరిపండు ఎక్కడ, బంగాళాదుంప ఎక్కడ? వాళ్ల నాన్నకు అన్ని తోటలున్నాయి, తోటలో పుట్టి పెరిగిన పిల్లకు ఈ మాత్రం తెలియదంటే నన్ను నమ్మమంటావా? పక్కింటి బద్రీ ఖానుమ్ కూడా అదే అంది. తెలియక చేసేవాళ్లు ముందు తాము తిని పడిపోతారు, పన్ను నొప్పి తెచ్చుకోరు అంది.

దుంపలన్నీ పారేశాను. ఆ రోజు నుంచి నా పొయ్యి వేరు, నా గిన్నె వేరు. ఆమె వండింది నేను ముట్టడం లేదు. రెండు రోజులు చూసి, మూడో రోజు అడిగింది, ఏం తప్పు చేశానని. ఏమీ లేదమ్మా, కడుపు బాగాలేదన్నాను. ఏడ్చింది. ఏడ్చేవాళ్లందరూ మంచివాళ్లయితే లోకంలో కోర్టులెందుకు?

ఇంకో సంగతి. నేలమాళిగ తాళంచెవి మేకుకే వేలాడుతుండేది. ఇప్పుడు ఆమె కొంగుకు ఉంటోంది. అడిగితే బొగ్గులు తేవడానికి అంటోంది. రోజుకు మూడుసార్లు తెచ్చేటన్ని బొగ్గులు మనింట్లో ఎప్పుడు కాలాయి?

తూబా

*

షీరాజ్
ఇస్ఫంద్ 8

అక్కయ్యా,

నేను రాసింది ఒకటి, నువ్వు చదివింది ఒకటి. ఎండలో పెడితే దుంప విషమవుతుందని ఈ ఊళ్లో చదువుకున్న మాస్టార్లలో సగం మందికి తెలియదు. పోయిన ఏడు మా హెడ్మాస్టారి ఇంట్లోనే అలాంటి దుంపలు తిని అందరూ మంచం పట్టారు. ఆయన మీద ఆయనే కుట్ర పన్నాడని కేసు పెట్టమంటావా? పిల్ల ఆరబెట్టింది, తెలియక ఆరబెట్టింది. దాచాలనుకుంటే మెట్ల మీద పదిమందికీ కనబడేలా ఆరబోస్తుందా? అడగ్గానే ఒప్పుకుంటుందా?

బద్రీ ఖానుమ్ మాటలు వినకు. చిన్నప్పుడు మన కోడి తప్పిపోతే అది నా కడుపులో ఉందని ఊరంతా చెప్పిన మనిషి ఆవిడ.

అక్కయ్యా, నువ్వు ఒంటరిగా ఉన్నావు, ఆ పిల్లా ఒంటరిగా ఉంది. మొగుడు సరిహద్దులో, అత్త వేరే గిన్నెలో. పండగ ముందు కొన్నాళ్లు ఆమెను పుట్టింటికి పంపు. ఇద్దరికీ మనసు తేలికపడుతుంది.

పరీక్షల కాగితాలు దిద్దుతూ రాస్తున్నాను, అందుకే ఇంత గీకుడు.

ఇరాజ్

*

కాషాన్
ఇస్ఫంద్ 16

ఇరాజ్,

నువ్వు చెప్పినట్టే పంపేశాను. ట్రంకుపెట్టెతో సహా పంపేశాను.

ఎందుకో విను, విని అప్పుడు నన్ను వెక్కిరించు. నిన్న పొద్దున ఆమె స్నానానికి హమామ్‌కు వెళ్లింది. కొంగుకు ఉండే తాళంచెవి ఇంట్లో విడిచి వెళ్లిన బట్టల్లో దొరికింది. నేలమాళిగలోకి దిగాను. దుంపల మూటలుండే మూల నల్లగుడ్డ కప్పి ఉంది. ఎత్తి చూశాను. మూడు పళ్లేలు. మూడింటిలోనూ గోధుమ మొలకలు.

మనింట్లో, ఇరాజ్. కొత్త సంవత్సరం పండగకు పెట్టే మొలకల పళ్లెం, సబ్జే, మనింట్లో మొలిచింది. మనం పుట్టిన ఈ ఇంట్లో నలభై ఏడేళ్లుగా ఒక్క గింజ నానబెట్టలేదు. నౌరూజ్ పండగకు గుడ్డ పరిచినప్పుడు బద్రీ ఖానుమ్ ఇంటినుంచి పళ్లెం తెచ్చుకుంటాం కానీ మనం పెంచం. నాన్న పోయిన ఏడు నీకు ఆరేళ్లు, నీకు గుర్తుండదు. నాకు పదకొండు. అమ్మ గోధుమ నానబెట్టింది, అది పసుపు రంగులో మొలిచింది, పండగ మూడు రోజులుందనగా నాన్న పోయాడు. నాన్నమ్మ ఆ పళ్లెం చూపించి అమ్మను అన్న మాటలు నా చెవుల్లో ఇప్పటికీ ఉన్నాయి. సబ్జే మనకు అచ్చిరాదు. అఖ్తర్ కాపురానికి వచ్చిన మొదటి వారమే ఈ సంగతి నేను కూర్చోబెట్టి చెప్పాను. తెలియక చేశాననడానికి లేదు.

ఇవీ పసుపే. ఒక్క పోచ కూడా ఆకుపచ్చగా లేదు. పొడుగ్గా, పాలిపోయి, చచ్చినవాళ్ల వేళ్లలా ఉన్నాయి. గోధుమలకు ఏం పెడితే అలా మొలుస్తాయో నువ్వే చెప్పాలి. జవాద్ వాళ్ల నాన్న పోయాక ఇంట్లో మగవాడు ఒక్కడే, వాడు తుపాకీ పట్టుకుని సరిహద్దులో ఉన్నాడు. గుడ్డ మళ్లీ కప్పేసి పైకి వచ్చేశాను.

హమామ్‌నుంచి రాగానే అడిగాను. ఎవరి కోసం పెంచావు, ఎవరు చెప్పారు అని. నేలకేసి చూస్తూ నిలబడింది. ఎవరి పేరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకపోతే నీ బుద్ధే అంత అనుకోనా అన్నాను. "అనుకోండి అత్తయ్యా" అంది. మధ్యాహ్నం బస్సుకు ఎక్కించాను.

జవాద్‌కు ఉత్తరం రాసి పెట్టాను. ఈ సంబంధం ఇంతటితో సరి, సెలవు తీసుకుని వచ్చి విడాకుల సంగతి చూడమని రాశాను. అంటించలేదు. నువ్వు చదువుకున్నవాడివి కాబట్టి నీ జవాబు వచ్చేదాకా ఆగుతాను. ఇరవై నాలుగో తారీకు దాటితే పోస్టు చేస్తాను. పళ్లేలు అక్కడే ఉన్నాయి. వాటిని ముట్టుకోవడానికి నాకు ధైర్యం లేదు.

తూబా

*

షీరాజ్
ఇస్ఫంద్ 20

అక్కయ్యా,

ఈ ఉత్తరం పోస్టులో వేయకుండా కాషాన్ మీదుగా పోయే బస్సు డ్రైవర్ చేతికి ఇస్తున్నాను. జవాద్‌కు రాసింది పోస్టు చేయకు. పుట్టింటికి పంపమన్నది నాలుగు రోజులు ఉండి రమ్మని. ట్రంకుపెట్టె ఎత్తి పంపమని కాదు. ఆ మాట రాసిన నా చేతిని నేనే తిట్టుకుంటున్నాను.

ముందు గోధుమ సంగతి. దానికి ఎవరూ ఏమీ పెట్టలేదు. పెట్టాల్సింది పెట్టలేదు, అదే లోటు. చీకట్లో మొలిచిన ఆకులో కూడా ఆ రేణువులుంటాయి. కానీ సగం తయారై ఆగిపోతాయి. సరంజామా అంతా సర్దుకుని, వెలుతురు కోసం కాచుకుని ఉంటాయి. అందాకా ఆకు పసుపుగానే ఉంటుంది, వెలుతురు ఎక్కడుందా అని వెతుక్కుంటూ పొడుగ్గా సాగుతుంది. పగటి వెలుతురు తగిలితే ఆ రేణువే హరితరేణువు అవుతుంది. నా మాట నమ్మొద్దు. పొద్దున్నే ఒక పళ్లెం పైకి తెచ్చి వాకిట్లో పెట్టు. పక్కన కూర్చుని కళ్లతో చూడు. పొద్దు వాలేలోగా ఆకుపచ్చగా మారకపోతే, జవాద్ ఉత్తరం నేనే పోస్టు చేస్తాను.

ఇప్పుడు రెండో సంగతి. అమ్మ పోయేముందు నాతో చెప్పి, నీకు చెప్పనని ఒట్టు వేయించుకుంది. ఈ రోజు ఆ ఒట్టు తప్పుతున్నాను.

నాన్నకు ఆ ఏడు శరదృతువు నుంచే నోట్లో రక్తం పడేది. క్షయ. వసంతం చూడడని హకీమ్ అమ్మకు చెప్పేశాడు. వెలుతురు పడితే కళ్లు మండుతున్నాయని గదికి తెరలు వేసి ఉంచేవారు. తోటకు వెళ్లలేను, పచ్చనాకు ఏదైనా నా మంచం దగ్గరికే తెచ్చి పెట్టు అని నాన్నే అడిగాడు. అమ్మ ఆ గదిలోనే, ఆ చీకట్లోనే గోధుమ నానబెట్టింది. అందుకే అది పసుపుగా మొలిచింది. నాన్న పోవడానికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

మరి నాన్నమ్మ అన్ని మాటలంటుంటే అమ్మ ఎందుకు నోరు విప్పలేదు? నీ కోసం. క్షయ ఉన్న ఇంటి పిల్లను ఎవరూ చేసుకోరు. జబ్బు సంగతి బయటపడితే నీకు పెళ్లి కాదు. గోధుమ వల్లే పోయాడని ఊరు అనుకుంటే అనుకోనీ అనుకుంది. ఆ తర్వాత నాన్నమ్మ బతికిన పదకొండేళ్లూ అమ్మ చేతి వంట తినలేదు, అది నీకూ తెలుసు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు. ఇప్పుడు నువ్వు వెలిగించింది అదే పొయ్యి అక్కయ్యా.

అఖ్తర్ ఎందుకు పెంచిందో నాకు తెలియదు. కానీ నోరు మూసుకుని నిలబడిందంటే ఎవరినో కాస్తోంది. మనం అలాంటి మనిషి కడుపున పుట్టాం, మనకైనా తెలియాలి.

ఇరాజ్

*

కాషాన్
ఫర్వర్దీన్ 5, 1349

తమ్ముడూ,

కొత్త సంవత్సరం నీకూ పర్వీన్‌కూ మంచి చేయాలి. నీ ఉత్తరం ఇరవై రెండున అందింది. నీ మీద కోపం రెండు రోజులు ఉంది. అమ్మ నీతో చెప్పి నాతో చెప్పకపోవడం మీద కోపం ఇంకా ఉంది. ఆమె ఉండి ఉంటే కాళ్లు పట్టుకుని తిట్టేదాన్ని. ఆమె బతికినన్నాళ్లూ ఒక్కరోజు, ఒక్క మాటైనా అడగలేదే నేను. నాన్నమ్మ చెప్పింది నమ్మి, అమ్మ నానబెట్టిన శనగలు కూడా అనుమానంగా చూసేదాన్ని.

ఇరవై నాలుగు పొద్దున ఒక పళ్లెం పైకి తెచ్చాను. మెట్ల మీద రెండుసార్లు నీళ్లు ఒలికాయి. వాకిట్లో తొట్టి గట్టు మీద పెట్టి, చాప వేసుకుని ఎదురుగా కూర్చున్నాను. బద్రీ ఖానుమ్ గోడ మీదనుంచి చూసి ఏమిటని అడిగింది. నీకు పనేమీ లేదా అన్నాను. చాలాసేపు ఏమీ కాలేదు. నువ్వు నా మనసు కుదుటపరచడానికి అబద్ధం రాశావనుకున్నాను. మధ్యాహ్నం నమాజు చేసి వచ్చేసరికి పోచల కొసలు పసుపూ కాదు, ఆకుపచ్చా కాదు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. పొద్దు వాలేసరికి పళ్లెమంతా ఆకుపచ్చ. ఎవరూ ఏమీ పెట్టలేదు, నేను చూస్తూనే ఉన్నాను. అక్కడే కూర్చుని ఏడ్చాను. అమ్మ కోసమో, ఆ పిల్ల కోసమో నాకే తెలియదు.

ఇరవై ఆరున జవాద్ ఉత్తరం వచ్చింది. ఈసారి నాకే, పేజీ నిండా. "అమ్మా, ఇది అందేసరికి పండగ వచ్చి ఉంటుంది. సబ్జే మొలిచిందా? ఒక్క ఏడైనా మన ఇంట్లో మొలవాలని అఖ్తర్‌తో నేనే పెట్టించాను. నువ్వు భయపడతావని పండగ రోజు దాకా దాచమన్నాను. మనిషికొక పళ్లెం, మన ముగ్గురికీ మూడు. ఆమెను కోప్పడకు" అని రాశాడు. ముందు అనుమానించాల్సింది నా కడుపున పుట్టినవాణ్ణి అన్నమాట. వాడికోసం రాసి పెట్టిన ఉత్తరం పొయ్యిలో వేశాను.

ఇరవై ఎనిమిదిన పళ్లెం ఒళ్లో పెట్టుకుని నతంజ్ బస్సెక్కాను. వాళ్ల నాన్న తలుపు తీసి, పక్కకు జరగకుండా నిలబడ్డాడు. అక్కడే గుమ్మంలో తప్పు నాదని చెప్పాను. ఒక మగవాడి ముందు ఆ మాట అనడం నా జన్మలో అదే మొదటిసారి. అప్పుడు జరిగాడు.

అఖ్తర్ లోపల కూర్చుని ఆకుకూర తరుగుతోంది. జవాద్ పేరు ఎందుకు చెప్పలేదే అన్నాను. తల ఎత్తకుండానే, "నామీద కోపం వస్తే నాకు అమ్మానాన్నలున్నారు. ఆయనకు ఉన్నది మీరొక్కరే కదా" అంది.  పళ్లెం ఆమె ముందు పెట్టాను. రంగు చూసింది. మీరు పెంచారా అంది. ఎండలో పెట్టానంతే, పెంచింది నువ్వే అన్నాను.

భోజనం వేళకు ఆ ఆకుకూర వేసి కాచిన చిక్కటి జావ, ఆష్, గిన్నెలో నాకు తెచ్చింది. నా ముందు పెట్టి, పెట్టిన చెయ్యి తీయకుండా, నా చెంచాతోనే ఒక చెంచా ముంచుకుని తను తింది. మింగింది. మింగిందని నాకు కనబడేదాకా ఆగింది. తర్వాత చెంచా తుడిచి నా చేతికిచ్చింది. ఆమె ముఖంలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నాతో ఉండాలంటే ఇలా చేయాలి కాబోలని అనుకుంది, అంతే. వాళ్ల అమ్మ చూస్తోంది, వాళ్ల నాన్న చూస్తున్నాడు. అంత సిగ్గు నేను ఎన్నడూ పడలేదు ఇరాజ్. గిన్నె ఖాళీ చేసి ఇంకా పెట్టమన్నాను. రెండో గిన్నెకూ ముందు తనే తింది.

పండగకు ఇంటికి తీసుకొచ్చాను. నా పొయ్యి తీసేశాను. నాకంటే ముందు తను రుచి చూడొద్దని చెప్పాను, బతిమాలాను, ఒకసారి గట్టిగా అరిచాను కూడా. సరే అత్తయ్యా అంటుంది. ఈ మధ్యాహ్నం అన్నం పెట్టినప్పుడు కూడా ముందు తనే ఒక ముద్ద తిని, నాకు పెట్టింది.

తూబా